ఉత్తకాళ్ల డ్రైవరన్న

మా బోధన్ పక్క ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో మగమనిషి పోతే ఆయన ధోవతులు చాకలికి పోతాయి, చెప్పులు ఎవరి కాలికి పడితే వాళ్లకు పోతాయి. ప్యాంట్లు మాత్రం దర్జీ దగ్గరికి వస్తాయి, సంచులు కుట్టమని. ఒక్కో కాలు ఒక్కో సంచి. నేను కుట్టిన ప్యాంట్లలో సగానికి సగం చివరికి వంకాయలు మోశాయి. అందుకే కొత్త ప్యాంటు కుట్టేటప్పుడే కింద మడతకు గుడ్డ కాస్త ఎక్కువ వదులుతాను, రేపు సంచి పట్టెలకు పనికొస్తుందని. కొలతలిచ్చే మనిషికి మాత్రం ఈ సంగతి చెప్పను. గిరాకీ పోతుంది.

మొన్న వదినె వచ్చి ఒక ఖాకీ ప్యాంటు నా మిషను మీద పెట్టింది.

"రెండు సంచులు గావాలె తమ్మీ. పట్టెలు జర గట్టిగ ఎయ్యి. మీ అన్న లెక్క నడుమల తెగొద్దు."

మీ అన్న అంటే నాకు తోడబుట్టినవాడు కాదు. నిజామాబాద్-బోధన్ సర్కారు బస్సు డ్రైవరు. ఊరందరికీ డ్రైవరన్న. పోయి నెల కూడా కాలేదు. వదినె కూచోలేదు, ఏడవలేదు. నీళ్లిస్తే తాగి వెళ్లిపోయింది.

కుట్లు విప్పుతూ కూచున్నాను. నడుము వెనక ఒక కుట్టు తీస్తే లోపల ఇంకో పాత కుట్టు జాడ, దాని పక్కన ఇంకొకటి. మొద్దు నరికితే కనబడే వలయాల మాదిరి. చెట్టు వలయాలు అది ఎంత పెరిగిందో చెప్తాయి. ఇవి మనిషి ఎంత తరిగాడో చెప్తున్నాయి. అన్నీ నా చేతి కుట్లే. ముందు పక్క గుండీలు ఉండాల్సిన చోట ఒకే ఒక్క కొండి. అదీ నేను పెట్టిందే. ఖాకీ ప్యాంటుకు గుండీలన్నీ పీకించి ఒక్క కొండి పెట్టించుకున్న డ్రైవరు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఎందుకు పెట్టించుకున్నాడో చెప్పాలంటే మనిషిని కాస్త చూపించాలి.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో నేను బస్టాండు ఎదురుగా మిషను పెట్టాను. ఐదో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేను కత్తెర పట్టుకున్నాను. అప్పటికే ఆయన ఈ దారిలో బస్సు తోలుతున్నాడు. పహిల్వాను లాంటి మనిషి. సీటెక్కే ముందు చెప్పులు విప్పి, గుళ్లోకి పోయినట్టు కాళ్లు దులుపుకొని ఎక్కేవాడు. డ్రైవర్లందరూ బూట్లో చెప్పులో వేసుకొని తోలితే ఈయన ఉత్తకాళ్లతోనే తోలేవాడు.

"ఎందుకన్నా?" అంటే, "బండి మాట కాలుకు ఇనవడ్తది. నడుమల తోలు ఎందుకురా?" అనేవాడు. "ఇంజను దగ్గితె నా అరికాలుకు ముందు తెలుస్తది, నీ చెవులకు ఎనుక తెలుస్తది."

బర్రెలు అడ్డమొస్తే హారను కొట్టేవాడు కాదు. బండి ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి బర్రెతో మాట్లాడేవాడు. "ఏమమ్మా, నిజామాబాద్ అస్తవా? ఎక్కు. టిక్కెట్ దీస్కోవాలె మల్ల." బర్రె మర్యాదగా పక్కకు జరిగేది. చెరుకు సీజనులో ఫ్యాక్టరీ ముందు ఎడ్లబండ్లు బారులు తీరితే, పక్క నుంచి బస్సు పోనిస్తూనే కిటికీలోంచి చెయ్యి చాపి ఒక గడ లాగేవాడు. బండివాడు తిట్టేవాడు కాదు. డ్రైవరన్న లాగితే బోణీ.

ఈ మనిషికి పాముల భయం లేదు, పోలీసుల భయం లేదు. ఒక్కటే భయం. డిపోలో ఒక పాత డ్రైవరు ఉండేవాడు. చూపు తగ్గిందని సీటు దింపి టైర్లకు గాలి కొట్టే పని ఇచ్చారు. తోలినన్నాళ్లూ ఆయన కూడా అన్నే. దిగిన మరుసటి రోజు నుంచి కుర్ర క్లీనర్లు "ఏయ్ గాలీ, ఇటురా" అని పిలవడం మొదలుపెట్టారు. డ్రైవరన్న ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు జలదరించినట్టు భుజాలు కదిలించేవాడు.

"సీటు మీది నుంచి నన్ను దింపేది పాడె ఒక్కటేరా. ఇంకెవడు దింపినా నేను ఉండ."

అట్లాంటి మనిషికి ఒక ఎండాకాలం దాహం పట్టుకుంది. ఎండాకాలం దాహం ఎవరికైనా ఉంటుంది. వానలు పడ్డా తగ్గలేదు, చలి పెట్టినా తగ్గలేదు. మొదట సీటు పక్కన మిలిటరీ వాళ్ల నీళ్ల డబ్బా ఉండేది. తర్వాత కూజా వచ్చింది. తర్వాత కూజాకు తోడు కుండ వచ్చింది. కండక్టరు, "అన్నా, గిది బస్సా, చలివేంద్రమా?" అని అడిగేవాడు.

తాగిన నీళ్లు ఊరికే ఉండవు కదా. జానకంపేట దాటాక ఒక తుమ్మచెట్టు దగ్గర బస్సు ఆపి దిగడం మొదలుపెట్టాడు. డ్రైవరు దిగితే మగవాళ్లు కూడా బీడీలు ముట్టించుకుంటూ దిగేవాళ్లు. కొన్నాళ్లకు ఏమైందంటే, పక్క పల్లె జనం సర్కారు ఇక్కడ కొత్త స్టేజీ పెట్టిందని అనుకున్నారు. మూటలు పట్టుకొని ఆ తుమ్మచెట్టు కింద వచ్చి నిలబడేవాళ్లు. ఆడవాళ్లు కూడా. పాపం అన్న బస్సు ఆపి, వాళ్లను ఎక్కించుకొని, దిగాల్సిన పనికి దిగకుండానే పళ్లు బిగబట్టి ఎడపల్లి దాకా తోలేవాడు. గత్యంతరం లేక చోటు మార్చి కల్వర్టు దగ్గర ఆపడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా అక్కడ ఒకామె పల్లీల గంప పెట్టింది.

"నేను యాడ ఆపితె గాడ ఊరు పుడుతుందిరా," అని నెత్తి కొట్టుకునేవాడు.

నాకు ఒకటే కుతూహలం. కొలత టేపు పట్టుకున్నవాడికి వేరే కుతూహలం ఏముంటుంది! ఈ మనిషి తింటున్నాడు. ఇదివరకటి కంటే ఎక్కువే తింటున్నాడు. హోటల్లో పూరీలు అయిపోతే ఈయన వచ్చి వెళ్లాడని అర్థం. చాయ్‌లో చక్కెర సరిపోలేదని మళ్లీ అడుగుతాడు. మా ఊళ్లో చక్కెర వద్దంటే ఇంటాయన మొహం మాడ్చుకుంటాడు, అడిగితే ఆయన ఛాతీ ఉబ్బుతుంది. అందరూ పోసేవాళ్లే. ఇంత తిని, ఇంత తాగి, నడుము మాత్రం నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ తగ్గుతోంది. ప్యాంటు విప్పి కుట్టి, మళ్లీ విప్పి మళ్లీ కుట్టి, "అన్నా, నువ్వు తినేది ఎవలకు పోతుంది?" అని అడిగాను.

"బస్సుకు," అన్నాడు.

ఒకసారి నడుము తగ్గించమని ప్యాంటు ఇచ్చి వెళ్లాడు. ఉతకలేదు. బల్ల మీద పెట్టి మరుసటి రోజు పొద్దున వచ్చి చూస్తే గోడ మీంచి చీమల బారు. తిన్నగా ఆ ప్యాంటు మీదికే. పక్కనే నా చాయ్ చక్కెర డబ్బా మూత తీసి ఉంది. దాన్ని చూసీ చూడనట్టు దాటుకొని పోతున్నాయి, పాత చుట్టాన్ని బజారులో చూసి మొహం తిప్పుకున్నట్టు. అన్న రాగానే చూపించాను.

"జేబుల బెల్లం పెట్టుకున్నవా అన్నా?"

"జేబుల లేవు గదరా చీమలు. ముంగట ఉన్నయ్."

ఇద్దరం వంగి చూశాం. నిజమే, జేబుల జోలికి ఒక్కటీ పోలేదు. ఇద్దరం నవ్వాం. అప్పుడే అడిగాడు కొండి సంగతి. "గుండీలన్ని తీసెయ్. ఒక్క కొండి పెట్టు. గుండీలిప్పేలోపల ఆగమైతున్న."

"కొండి గూడ ఎందుకన్నా? పరద కుట్టిస్త."

ఒక వాన మధ్యాహ్నం. బస్టాండులో నీళ్లు నిలిచి బస్సులు ఆగిపోయాయి. అన్న నా బల్ల మీద కూచొని దారపు ఉండ దొర్లిస్తున్నాడు. చివరికి దారపు ఉండతో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"మా డిపోల ఒక డ్రైవరున్నడురా."

"ఆఁ."

"మంచోడు. గానీ ఇంటికాడ... ఆడమనిషి తాన... పనికిరాకుంట అయితున్నడంట."

నేను మిషను ఆపాను. "ఎన్నేండ్లుంటయన్నా ఆయనకు?"

"నా అంతనే."

"ఎత్తు?"

"గదీ నా అంతనే ఉంటడు."

"అట్లయితె ఆయన నడుం కొలత గూడ నాకు తెలుసన్నా."

నవ్వాడు. పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ భుజాన ఉన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆమె ఏమన్న అంటె మంచిగుండురా. ఏమంటలేదు. గోడ దిక్కు మల్లి పంటది," అన్నాడు. "నేనేం పాపం జేసిన? వయసుల ఏమన్న తప్పు జేసిన్నా అని మతికి తెచ్చుకుంటున్న. ఒక్కటి గూడ మతికొస్తలేదు."

సోమవారం సంతలో ఉడుము నూనె అమ్మే ఒకడు కూచునేవాడు. ఎదురుగా పులిగోరు, తేలు, రంగు రంగుల సీసాలు. మగతనానికి వాడిచ్చిన మందు ఒక జాడీ లేహ్యం. మూత తీస్తే దుకాణమంతా ఘుమఘుమ. తేనె, బెల్లపు పాకం, నెయ్యి, మీద జాజికాయ. ఇంటికి తీసుకుపోతే ఏందని వదినె అడుగుతుందని, ఆ జాడీ నా దుకాణంలో దారపు రీళ్ల వెనక దాచాడు. రోజూ డ్యూటీ దిగి, వచ్చి, వేలితో ఇంత తీసుకొని నాకి, మూతి తుడుచుకొని పోయేవాడు. దాని మీద మళ్లీ కుండెడు నీళ్లు. జాడీ అయిపోయింది, ఇంకో జాడీ వచ్చింది. నడుము ఇంకో కుట్టు తగ్గింది.

ఆ రోజుల్లోనే వదినె ఒక పొద్దున దుకాణానికి వచ్చింది. కొంగు బిగించి కట్టింది. ఆ కట్టు చూస్తేనే నాకు దడ పుట్టింది.

"తమ్మీ, నిజం జెప్పు. మీ అన్న నీతాన ఎవలికన్న జాకిట్లు కుట్టిస్తున్నడా?"

"నేను మొగోళ్ల దర్జీని వదినె! జాకిట్ల జోలికి పోను."

"మరి రోజు గీడ కూసొని ఏం జేస్తడు?"

"చాయ్ తాగుతడు."

"చాయ్ తాగితె మూతికి నెయ్యంటుతదా? జాజికాయ వాసనొస్తదా? గా నిజామాబాద్‌ల ఎవతో ఉన్నది. నాకెర్క. మొగోడు ఇంట్ల ముట్టడంటె ఎక్కడనో తింటున్నడనే గదా."

దారపు రీళ్ల వెనక జాడీ నన్ను చూస్తోంది. చెప్తే అన్న పరువు పోతుంది, చెప్పకపోతే వదినె సంసారం పోతుంది. నోరున్నవాడినని ఊళ్లో నాకు పేరు. ఆ రోజు గుడ్డ లేని మిషను తొక్కుతూ కూచున్నాను.

తర్వాత కాలు సంగతి. మా పక్క తిరిగే ఆ కాలపు బస్సుల్లో ఇంజను డ్రైవరు ఎడమ పక్కన, రేకు పెట్టె కింద ఉండేది. ఎండలో ఆ రేకు పెనం లాగా కాలేది. ఒక రోజు ఎడపల్లి దగ్గర కండక్టరు ముక్కు ఎగబీల్చాడు. "అన్నా, ఏదో మాడుతుంది." అన్న బండి ఆపి అంతా వెతికాడు. వైర్లు చూశాడు, బ్రేకు చూశాడు. చివరికి కండక్టరే చూశాడు. మాడుతున్నది అన్న ఎడమ పిక్క. రేకుకు ఆనుకొని చర్మం ఊడి వచ్చింది. అన్నకు తెలియనే లేదు.

ఆ పుండు మానలేదు. పైగా, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియకుండా ఉత్తకాలితో పోతున్నాడని జనం చూశారు. తిమ్మిరెక్కిన కాలు, మానని పుండు. మా జిల్లాలో ఈ రెండూ కలిస్తే జనానికి మూడో మాట అక్కర్లేదు. డిచ్‌పల్లిలో మిషన్ దవాఖాన ఎందుకుందో పసిపిల్లలకు కూడా తెలుసు. కుష్టు అనే మాట నోటితో అనరు. పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. హోటల్లో అన్నకు వేరే గ్లాసు పెట్టారు. అన్న బీడీతో బీడీ ముట్టించుకునే కండక్టరు అగ్గిపెట్టె కొనుక్కున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. డిపోలో పై అధికారి దాకా మాట పోతే మాత్రం సీటు ఆ పూటే పోతుంది.

అన్న నా దగ్గరికి వచ్చి, బల్ల మీద కూచోకుండా నిలబడే, "రేపు డిచ్‌పల్లి పోదాం రా," అన్నాడు. "ఒక్కణ్ని పోతె భయమైతది. నువ్వయితె నవ్విపిస్తవ్."

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ రోడ్డు బస్సు ఎక్కాం. కండక్టరు తెలిసినవాడు. "ఎక్కడికన్నా?" అని అడిగాడు. డిచ్‌పల్లి అంటే ఎందుకని అడుగుతాడు. అన్న తడుముకోకుండా, "ఇందల్వాయి. సుట్టాలింటికి," అన్నాడు. బస్సు డిచ్‌పల్లిలో ఆగింది. మేమిద్దరం బొమ్మల్లాగా కూచున్నాం. దవాఖాన వెనక్కి పోయింది. ఇందల్వాయిలో దిగి, లేని చుట్టాల ఊళ్లో చాయ్ తాగి, వచ్చిన దారిలోనే వెనక్కి నడక మొదలుపెట్టాం.

"అన్నా, పుండు కాలుతోటి గింత దూరమా?"

"నొస్తె గద!" అన్నాడు. తర్వాత ఆ మాట తనకే వినపడ్డట్టు కాలు వైపు చూసుకుంటూ నడిచాడు. దారిలో వరిగడ్డి బండి ఒకటి దొరికింది కాబట్టి సరిపోయింది.

దవాఖానలో డాక్టరు పెద్దాయన. మా జిల్లా మనిషి కాదు, మాట పుస్తకంలాగా ఉంది. అన్నను బట్టలిప్పించి వెలుతురులో నిలబెట్టి మచ్చలు వెతికాడు. మోచేతి కింద నరం ఒత్తాడు. చెవులు పట్టి చూశాడు. అన్న ఉరికంబం ఎక్కినవాడిలాగా నిలబడ్డాడు. చివరికి డాక్టరు ఒక సీసా చేతికిచ్చి మూత్రం పట్టి తెమ్మన్నాడు. ఆ పని అన్నకు చిటికెలో పని. అప్పటికే కొండి మీద చెయ్యి ఉంది.

నర్సమ్మ డిచ్‌పల్లి పిల్లే, అక్కడి చర్చి వాళ్ల అమ్మాయి. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో అన్న ఇచ్చిన సీసాలోంచి కొన్ని చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద పట్టింది. అన్న మెడ చాపి చూశాడు, నేను ఆయన భుజం మీంచి చూశాను. నీలం కాస్తా ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది.

"అమ్మా, గిది మంచికా చెడుకా?" అన్నాడు అన్న.

"మంచికైతె నీలంగనే ఉంటది బాపూ."

డాక్టరు వచ్చి గొట్టం చూసి, "మీకు కుష్టు లేదు," అన్నాడు. "చక్కెర వ్యాధి. మధుమేహం. ఎన్నాళ్ల నుంచో ఉంది."

అన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తర్వాత డాక్టరు చెప్పిన మాటలన్నీ, తీపి మానాలని, అన్నం తగ్గించాలని, మాత్రలు వేసుకోవాలని, పుండు రోజూ కడగాలని, ఆ దండం కిందనుంచే పోయాయి. చివరి మాట మాత్రం నాకు బాగా వినపడింది. "మీ కాళ్లలో స్పర్శ తగ్గింది. తొక్కింది తొక్కినట్టు తెలియదు. బస్సు నడపకండి."

అన్న మొహం అటు తిప్పి, "నువ్వు జర బయట కూసో," అని నన్ను పంపాడు. నర్సమ్మను కూడా. కానీ కిటికీకి తలుపు లేదు, అంతా వినపడింది.

"సారూ, మా డిపోల ఒక డ్రైవరున్నడు..."

మొత్తం చెప్పాడు. డాక్టరు నవ్వలేదు. "ఆ డ్రైవరుకు కూడా చక్కెరే ఉందని చెప్పండి. కాలి నరాలు ఎట్లా దెబ్బతిన్నాయో, ఇదీ అట్లాగే. చాలామంది మగవాళ్లకు వస్తుంది, ఎవరూ చెప్పరు. అది పాపం కాదు, పౌరుషం తక్కువై కాదు. లేహ్యాలు మానమనండి, అవే ముంచుతున్నాయి. ఇంట్లో ఆమెకు చెప్పమనండి."

"చెప్తడు సారు," అన్నాడు అన్న. "పాపం... చెప్తడు."

తిరుగు బస్సులో కండక్టరు అడక్కముందే అన్న "డిచ్‌పల్లిల ఎక్కినం! దవాఖానకు పోయినం!" అని అరిచి చెప్పాడు. నిజామాబాద్‌లో దిగి నేరుగా మిఠాయి దుకాణానికి పోయి జిలేబీల పొట్లం కట్టించాడు. డిపోలో అందరికీ పంచాడు. "పెద్దరోగం గాదు! శక్కర రోగం. దొరలకు, సేట్లకు వచ్చే రోగం!" వేరే గ్లాసు పెట్టిన హోటలాయనకు రెండు జిలేబీలు ఎక్కువ ఇచ్చి, తాను మూడోది నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నా, డాక్టరు ఏమన్నడు?"

"ఇయ్యాల్టికేరా. పానం బతికింది. నోరు తీపి చేసుకోకుంటె దేవుడు ఏమనుకుంటడు?"

జిలేబీ తిని చక్కెర జబ్బుకు పండగ చేసుకున్నది మా ఊళ్లోనే అయ్యుంటుంది. కండక్టరు అగ్గిపెట్టె జేబులో పెట్టేసి, మళ్లీ అన్న బీడీకి తన బీడీ ఆనించాడు.

వదినెకు ఆ వారమే చెప్పాడు. ఎట్లా తెలిసిందంటే ఆమె మళ్లీ వచ్చింది, అన్నను వెంటబెట్టుకొని. నన్ను పలకరించకుండా దారపు రీళ్లు పక్కకు తోసి జాడీ బయటికి తీసింది. మూత తీసి వాసన చూసింది.

"ఇదా నా సవితి?"

లేహ్యం మురికి మోరీలో పోసేసి ఖాళీ జాడీ నా చేతికిచ్చింది. "నేను తాయత్తులు కట్టించిన, ఉపాసాలున్న, ఎవతో ఏందో అని దాని మొఖం గూడ కలల సూసిన. ఈయన రోగం అని ఒక్క మాటంటె నేనేమన్న కోర్టుకెక్కుదునా?" అని అన్న వైపు తిరిగింది. అన్న దారపు ఉండ వైపు చూస్తున్నాడు. "ముసలయినంక ఎట్లుంటరో అందరు, మనం జర ముందుగాల గట్లుంటం. గంతే గదా! దానికింత దాపరికమా?" అంది. నాకు ఆమె మీద అప్పుడు పుట్టిన గౌరవం ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో జొన్నరొట్టె, కాకరకాయ. అన్న కాకరకాయను శనిదేవుడిని తలుచుకున్నట్టు తలుచుకునేవాడు.

పోతూ పోతూ వదినె, "కాలు సంగతి ఏమన్నడు తమ్మీ డాక్టరు?" అంది.

ఆమె వెనకనుంచి అన్న నా వైపు చూశాడు. మగతనం సంగతి భార్యకు చెప్పగలిగినవాడు బ్రేకు సంగతి చెప్పలేదు. "పుండు కడగమన్నడు వదినె," అన్నాను.

అన్న తోలుతూనే ఉన్నాడు. ఒకరోజు వచ్చి ఎర్ర గుడ్డపీలిక అడిగాడు. కుడికాలి బొటనవేలికి చుట్టి కుట్టమన్నాడు. జనం ఏదో దర్గా మొక్కు అనుకున్నారు. నాకు మాత్రం అర్థమైంది. అరికాలు చెప్పడం మానేసింది కాబట్టి ఇప్పుడు కళ్లతో కాలును వెతుక్కుంటున్నాడు. ఎర్రది బ్రేకు మీద ఉందో లేదో కిందికి వంగి చూసి తొక్కుతున్నాడు.

"అన్నా, నువ్వు కాలును సూస్తుంటె తొవ్వను ఎవరు సూస్తరు?"

"గాలి కొట్టమంటవారా నన్ను?" అన్నాడు. నేను దారం తెంపాను.

చెరుకు సీజను మళ్లీ వచ్చింది. ఒక పొద్దున ఫ్యాక్టరీ మలుపులో ఎడ్లబండ్ల బారు ఉన్నట్టుండి ఆగింది. అన్న బస్సు చివరి బండి వెనక వచ్చి ఆగింది. ఎంత దగ్గర ఆగిందంటే చెరుకు కొసలు ముందు అద్దానికి తాకి వంగాయి. అంతే. అద్దం పగల్లేదు, ఎడ్లు బెదరలేదు. గడల మీద కూచున్న బండివాడి పెళ్లాం, ఒళ్లో పసిపిల్ల, తిరిగి చూసి నవ్వారు. బండివాడు దిగి వచ్చి, "శబాష్ డ్రైవరన్నా! ఎంట్రుక వాసిల ఆపినవ్!" అని ఒక మంచి గడ విరిచి కిటికీలోంచి చేతికిచ్చాడు. బస్సులో వాళ్లు కూడా మెచ్చుకున్నారు.

బోధన్ వచ్చి, జనాన్ని దింపి, అన్న నా దుకాణానికి వచ్చాడు. చేతిలో చెరుకు గడ అట్లాగే ఉంది. గోడకు ఆనించి, బల్ల మీద కూచొని, కుడికాలు నా ముందుకు చాపాడు.

"నేను ఆపలేదురా," అన్నాడు. "నేను తొక్కిన్నో లేదో నాకెర్కలే. సూద్దామంటె టైం లేకుండె. బండి దానంతలదే ఆగిందో, నేనే ఆపిన్నో. గా పసిపిల్ల నా దిక్కే సూస్తుండె."

నేను చేతిలో గుడ్డ పక్కన పెట్టాను.

"నేను కండ్లు మూసుకుంట. నువ్వు అరికాలు ముట్టుకో. ముట్టుకున్నప్పుడు నేను చెప్త."

కళ్లు మూసుకున్నాడు. నేను కింద కూచున్నాను. ఆ పాదం చల్లగా, ఎండిన మట్టిలాగా ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను. బయట బస్సుల వాళ్ల అరుపులు. అన్న చెవులు రిక్కించినట్టు కూచున్నాడు, ఇదివరకు ఇంజను మాట వినేటప్పుడు కూచున్నట్టే. నేను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"ముట్టుకోరా," అన్నాడు. "ఇంక ముట్టుకోవేంది?"

"పట్టుకునే ఉన్ననన్నా. గప్పటిసంది పట్టుకునే ఉన్న."

కళ్లు తెరిచాడు. నా చేతుల్లో ఉన్న కాలును చూశాడు, ఎవరిదో అన్నట్టు. కాసేపయ్యాక నా భుజం మీద చెయ్యి ఆనించి లేచాడు. "బస్సెడు మందిని గీ కాలు మీద ఎక్కించుకుంటున్న," అన్నాడు. చెప్పులు నేనే తొడిగాను. రోడ్డు దాటి, బస్టాండులో అధికారి గదిలోకి పోవడం దుకాణంలోంచి కనబడింది. లోపల ఎక్కువసేపు లేడు.

ఆ మధ్యాహ్నం నిజామాబాద్ బస్సు చాలా ఆలస్యమైంది. ఎక్కి కూచున్నవాళ్లు ఎండకు ఉడికిపోతూ సర్కారును తిట్టారు. అన్న బదులు ఎక్కడినుంచో ఒక కుర్ర డ్రైవరును పట్టుకొచ్చారు. కాళ్లకు కొత్త బూట్లు. సీటెక్కి బస్సును వెనక్కి తీయబోతే చుట్టూ చెరుకు బండ్లు, సైకిళ్లు, జనం. తికమకపడి ఆపేశాడు.

అన్న వెళ్లి బస్సు వెనక నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తాడు.

"రానీ... రానీ... జర ఎడమకు గొట్టు తమ్మీ... రానీ... భయపడకు, నేనున్న... ఆపు!"

బస్సు ఆగింది.